'హలో' వెనుక కథ

ఫోన్ తీయగానే మనం అనే 'హలో' గురించి ఒక కథ వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతుంటుంది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ప్రియురాలి పేరు మార్గరెట్ హలో అనీ, ఆయన మొదటి ఫోన్ ఆమెకే చేశాడనీ దాని సారాంశం. ముచ్చటగా ఉంది కానీ నిజం కాదు. 1876 మార్చి 10న బెల్ టెలిఫోన్‌లో పిలిచింది పక్క గదిలో ఉన్న సహాయకుడు వాట్సన్‌ని. మరుసటి ఏడాది ఆయన పెళ్లాడిన మేబుల్ హబ్బర్డ్ ఆయన శిష్యురాలు. చిన్ననాడు వచ్చిన జ్వరంతో ఆమెకు వినికిడి పోయింది.

అసలు 'హలో' టెలిఫోన్ కంటే పాత మాట. 1820ల నాటికే అమెరికా పత్రికల్లో అచ్చయింది. అయితే అప్పుడది పలకరింపు కాదు. దూరాన ఉన్నవాణ్ణి ఆపడానికో, ఆశ్చర్యపోయినప్పుడో వేసే కేక. మన 'ఓయ్' లాంటిదన్నమాట.

ఆ కేకను ఫోన్‌కు తగిలించినవాడు ఎడిసన్. తొలి రోజుల్లో రెండు ఆఫీసుల మధ్య లైను ఎప్పుడూ తెరిచే ఉండేది. అవతలివాళ్లను పిలవడం ఎలా అన్నది సమస్య. ప్రత్యేకంగా గంట అక్కర్లేదనీ, 'హలో' అంటే 10 నుంచి 20 అడుగుల దూరం వినబడుతుందనీ 1877 ఆగస్టు 15న ఆయన పిట్స్‌బర్గ్‌లోని ఒక టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. ఎడిసన్‌కూ చెవుడే! బెల్ మాత్రం ఓడవాళ్ల కేక 'అహోయ్'నే ఇష్టపడ్డాడు. 1878లో న్యూహేవెన్‌లో ఎక్స్‌ఛేంజి మొదలైంది. తర్వాత ఆపరేటర్ల నోట 'హలో'యే నిలిచింది. ఆ పని చేసే అమ్మాయిలకు 'హలో గాళ్స్' అనే పేరే వచ్చింది. 1882లో కలకత్తా, బొంబాయిలతో పాటు మద్రాసులోనూ ఎక్స్‌ఛేంజి తెరిచారు.

మన భాషలో పిలుపంటే వరస. అన్నా, అత్తయ్యా, ఏరా, ఏమండీ... ఎదుటి మనిషి ఎవరో తెలిస్తేగానీ నోరు పెగలదు. ఫోన్‌లో ముఖం కనబడదు కదా! చిన్నా పెద్దా తేడా లేని 'హలో' ఆ లోటు తీర్చింది. గొంతు గుర్తుపట్టిన మరుక్షణం దాన్ని వదిలేసి 'ఒరేయ్ నువ్వా!' అనో, 'నమస్కారం మాస్టారూ' అనో అంటాం.

ఈ స్వర్ణోత్సవం కోసం పాత నెంబర్లు వెతికి ఫోన్లు చేసిన మిత్రులందరికీ ఇది అనుభవమే. కొన్ని నెంబర్ల నుంచి జవాబు రాలేదు. కొన్నింటికి పిల్లలు పలికి, నాన్నగారు లేరని చెప్పారు. అందుకే ఒక మనవి. మన గురువుల్లో పలువురికి ఇప్పుడు వినికిడి తగ్గింది. ఉత్సవం అయిపోయాక కూడా అప్పుడప్పుడు ఫోన్ చేయండి. 'హలో' కాస్త గట్టిగా అని, మీ పేరూ, బ్యాచీ చెప్పండి. మిగతాది వారే గుర్తు తెచ్చుకుంటారు.