ఇంటి వద్ద వృద్ధుల సంరక్షణ: నల్లమాడ

శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడ మండలంలో వృద్ధుల గడప దాకా వచ్చే ప్రభుత్వ సాయం ప్రధానంగా పింఛనే. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు; పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 15,000. గ్రామ సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి, వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతిలో పెడతారు. ఇది చిన్న మేలు కాదు. అయినా దీన్నే సంరక్షణ అనలేం. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి అటూఇటూ తిప్పకపోతే వీపు మీద పుండ్లు పడే ప్రమాదం ఉంది. తిప్పడానికి ఇంకో మనిషి చెయ్యి కావాలి. పిల్లలే చూసుకోవాలి కదా, తల్లిదండ్రుల పోషణకు 2007 నాటి చట్టం ఉంది కదా అంటారు. ఆ చట్టం పోషణ ఖర్చు ఇప్పించగలదు గానీ, పనికోసం బెంగళూరు వెళ్లిన కొడుకును మంచం పక్కకు రప్పించలేదు. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం ఈ లోటును గుర్తించింది: ఆరోగ్య ఉపకేంద్రం సిబ్బంది ఇంటికెళ్లి మంచాన ఉన్నవారిని చూడాలి, సేవ ఎలా చేయాలో ఇంట్లోవాళ్లకు నేర్పాలి.