బారిష్టరు పట్టా – పని నేర్చు చోటు

సీమకు పోయి బారిష్టరై వచ్చినవానికి మన గ్రామములలో నొకప్పుడెంత గౌరవముండెనో పెద్దలైన మీకు నేను వేరుగ చెప్పనక్కరలేదు. ఓడ దిగుటతోనే వాడు కోర్టులో వాదింపగలడని జనులు తలచెడివారు. వాస్తవము వేరు. పట్టా చేతబట్టుకొని, పని నేర్చు చోటు దొరకక తిరిగినవారిలో మోహనదాసు కరంచందు గాంధిగారొకరు. ఆయన చరిత్రలో నీ భాగమును మనవారు త్వరగ దాటిపోవుదురు. నాకు మాత్ర మిది మిక్కిలి ముఖ్యమని తోచును.

గాంధిగారు 1888 నవంబరులో లండనునందలి ఇన్నర్ టెంపుల్ అను న్యాయవాదుల సంఘమున చేరిరి. రోమను న్యాయమున నొకటి, ఇంగ్లండు న్యాయమున నొకటి, పరీక్షలు రెండే. వానికి తోడు పండ్రెండు టరముల కాలము సంఘభవనములో విందులకు హాజరు కావలెను. గాంధిగారు మద్యము ముట్టరు గనుక, ఆయన వంతు ద్రాక్షసారాయి తమకు మిగులునని తోడి విద్యార్థులు ఆయనను తమ పంక్తికి పిలుచుకొనెడివారట! హిందూ ధర్మశాస్త్రముగాని మహమ్మదీయ న్యాయముగాని ఆయన యక్కడ నేర్వలేదు. వృత్తిలో దిగదలచిన ఆంగ్లేయ యువకుడు ఒక అనుభవశాలియగు బారిష్టరునకు ఏటికి నూరు గినీలు చెల్లించి, ఆయన గదిలో కూర్చుండి, కాగితములు చదివి, వాదపత్రములు వ్రాయ నేర్చుకొనెడివాడు. అసలు శిక్షణ మదియే. గాంధిగారు 1891 జూను 10న పట్టా పొంది, 11న అచ్చటి హైకోర్టులో పేరు నమోదు చేయించుకొని, 12న ఓడ యెక్కిరి.

తమ్ముని చదువునకై అన్నగారు లక్ష్మీదాసు చాల ధనము వ్యయపరచి, గొప్ప ఆశలు పెట్టుకొనియుండిరి. రాజకోటలో వృత్తి పెట్టినచో నగుబాటగును. స్థానిక వకీలునకు తెలిసినంతయు తెలియదు, ఫీజు మాత్రము పదిరెట్లు అడుగవలెను! అందుచే హైకోర్టు అనుభవము కొరకు బొంబాయి చేరిరి. స్మాలుకాజు కోర్టులో దొరికిన మొదటి దావాకు ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నింప లేచి, నోట మాట రాక కూర్చుండిరి. దళారులకు కమీషను ఈయనొల్లరు గనుక దావాలు రాలేదు. నెలకు 75 రూపాయల జీతముపై ఇంగ్లీషు బోధించు పని యొకటి యున్నదని తెలిసి వెళ్లగా, బి.ఏ. లేదని నిరాకరించిరి. ఆరుమాసముల పిమ్మట రాజకోటకే మరలి, అర్జీలు వ్రాయుచు దినములు గడపిరి.

మన టంగుటూరి ప్రకాశం పంతులుగారి సంగతి యిందుకు భిన్నము. వారు రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగ పేరు గడించిన పిదపనే, హైకోర్టులో వాదించు హక్కు కొరకు 1904లో సీమకేగిరి. 1907లో మదరాసు చేరునప్పటికి సాక్షిని నిలదీయుట, కక్షిదారు మనసెరుగుట వారికి క్రొత్త కాదు. ముందు పని, తరువాత పట్టా. ఈ వరుసయే మేలని నా యభిప్రాయము. అందరికిని అది కుదురునా యన్నచో, కుదరదు.

గాంధిగారికి చోటు దొరకినది స్వదేశమున కాదు. దక్షిణాఫ్రికాలో వర్తకము చేయు పోరుబందరువాడగు దాదా అబ్దుల్లా సేటునకు ప్రిటోరియాలో తన బంధువగు తయ్యబు సేటుపై 40,000 పౌనుల దావా యుండెను. రాకపోకల ఖర్చులు, 105 పౌనులు ఇచ్చెదమనగా, గాంధిగారు 1893 ఏప్రిలులో బయలుదేరిరి. అది బారిష్టరు పనియే కాదు. సేటు నౌకరు పని యని ఆయనయే యెరుగును. ఐనను బేకరు అను అటార్నీ దావా సిద్ధపరచు తీరు చూచుచు, గుజరాతీ ఉత్తరములు తర్జుమా చేయుచు, ప్రామిసరీ నోట్లు పరిశీలించిరి. జమాఖర్చు తెలియనిదే దావా తెలియదని గ్రహించి, పుస్తకము కొని లెక్కలు నేర్చుకొనిరి.

ఇరుపక్షముల వకీళ్ల ఖర్చు పెరుగుచుండగా, బంధువులను మధ్యవర్తి తీర్పునకు ఒప్పించిరి. దాదా అబ్దుల్లా గెలిచెను. 37,000 పౌనులును ఖర్చులును ఒక్కమారుగ చెల్లించుట తయ్యబు సేటునకు శక్యము కాదు, దివాలా తీయవలసినదే. గాంధిగారు మరల తమ కక్షిదారునొద్ద కూర్చుండి, చాల కష్టముమీద, ఆ సొమ్మునకు దీర్ఘకాలపు వాయిదాలు ఇప్పించిరి.