‘మా’ శబ్దము

ఈనాడు ఏ స్తోత్రమునకో, ఏ పురాణ ఘట్టమునకో వ్యాఖ్యానము చెప్పబోవుట లేదు. ఒకే ఒక అక్షరమును గురించి మనవి చేయదలచినాను. అది ‘మా’.

కొన్నేండ్ల క్రిందట ఒక సభలో మాధవ నామమును వివరించుచు, “మా అనగా తల్లి. లోకములో ఏ భాషలో చూచినను తల్లిని పిలుచునది ఈ మాటతోనే. ఇది మన సంస్కృతము నుండి నలుదిక్కులకు వెళ్ళినది” అని కొంత ఉత్సాహముతో పలికినాను. సభ్యులు చప్పట్లు కొట్టినారు. అప్పుడు ముందు వరుసలోని ఒక వృద్ధురాలు లేచి, “అయ్యా, వాల్మీకి మహర్షి నోట వెలువడిన మొదటి శ్లోకములో మొదటి మాట ‘మా’యే గదా! అక్కడ దానికి ‘వద్దు’ అని గదా అర్థము! తల్లి అనుటకును, వద్దు అనుటకును ఒకే మాట ఎట్లయినది?” అని అడిగినారు. నాకు ఆ క్షణమున సమాధానము తోచలేదు. ఇంటికి వెళ్ళి పుస్తకములు తిరగవేసినాను. నేను సభలో చెప్పినదానిలో సగము పొరపాటని తెలిసినది.

బాలకాండ రెండవ సర్గలోని కథ మీకందరకు తెలిసినదే. తమసా తీరమున క్రౌంచముల జంటలో మగ పక్షిని బోయవాడు కొట్టినాడు. ఆడ పక్షి విలపించినది. మహర్షి శోకము శ్లోకమైనది. ‘నీకు చిరకాలము నిలకడ కలుగకుండుగాక’ అన్న ఆ శాపమునకు మొదటి అక్షరము ‘మా’. రెండవ పదము ‘నిషాద’, అనగా ఓ బోయవాడా అని పిలుపు.

ఇక్కడ వ్యాకరణవేత్తలకు ఒక చిక్కు వచ్చినది. నిషేధార్థకమైన మాఙ్ చేరినప్పుడు క్రియకు లుఙ్ రావలెనని పాణిని మూడవ అధ్యాయములో చెప్పినాడు (3-3-175). అట్టి క్రియ ముందు వచ్చు ‘అ’కారము నిలువరాదని ఆరవ అధ్యాయములో చెప్పినాడు (6-4-74). మహర్షి శ్లోకములో ఆ అకారము ఉన్నది. ఆదికవి తొలి శ్లోకములోనే తప్పు దొర్లినదా? కొందరు ఆర్షప్రయోగమని సరిపెట్టినారు. కొందరు ఇది మాఙ్ కాదు, వేరొక ‘మా’ అన్నారు. రామాయణభూషణ కర్తయైన గోవిందరాజులు మొదలగువారు మరియొక అర్థము చూపినారు. ‘మా’ అనగా లక్ష్మి, ‘నిషాదము’ అనగా నివాసము, కనుక ‘మానిషాద’ అనగా ఓ శ్రీనివాసా! రావణ మండోదరుల జంటలో ఒకనిని సంహరించినవాడవు, నీవు శాశ్వతముగా నిలుతువుగాక అని. బోయవానికి పెట్టిన శాపము శ్రీహరికి మంగళాశాసనమైనది. ఒక్క ‘మా’ను అటు నుండి ఇటు త్రిప్పినందువలన ఇంత జరిగినది. వ్యాకరణపు చిక్కు దీనితో పూర్తిగా విడిపోయినదా అన్నది పండితులు తేల్చవలసిన మాట గాని, భక్తునకు ఇంతకంటె తీయని అర్థము దొరకదు.

నిజమునకు సంస్కృతములో ఒక ‘మా’ కాదు, అనేకములున్నవి. వద్దు అను అవ్యయము ఒకటి. లక్ష్మిని చెప్పు నామము ఒకటి. మాధవ శబ్దమునకు ‘మా’ యొక్క ధవుడు, అనగా లక్ష్మీపతి అని శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించినారు. సహస్రనామములలో ఆ పేరు మూడుసార్లు వచ్చును. ‘నన్ను’ అని చెప్పు చిన్న రూపము మరియొకటి. కొలుచుట అను ధాతువు ఇంకొకటి. మానము, మాత్ర, నిర్మాణము దానినుండి పుట్టినవే. ధ్వని ఒకటి, మాటలు వేరు. వృద్ధురాలి ప్రశ్నకు మొదటి సమాధానమిది.

ఇక ఇతర భాషల సంగతి. ‘వద్దు’ అను మన ‘మా’కు నిజమైన తోబుట్టువులు దూరదేశములలో ఉన్నవి. గ్రీకులో అది ‘మే’. ప్రాచీన పారసీకములో అచ్చముగా ‘మా’. క్రీ.పూ. 522 నుండి 486 వరకు ఏలిన దరయవు చక్రవర్తి సమాధి ఇరాన్‌లోని నఖ్ష్-ఎ-రుస్తమ్ కొండగోడపై తొలచబడి యున్నది. అందలి శాసనము చివర ఆయన మానవుని ఉద్దేశించి, దైవాజ్ఞను చెడ్డదని తలపకుము, సరియైన దారిని విడువకుము, తిరుగబడకుము అని మూడు నిషేధములు చెప్పినాడు. మూడింటను ‘మా’యే. అంతకంటె ఆశ్చర్యమేమనగా, పాణిని చెప్పినట్లే అక్కడి క్రియలకును ముందు అకారము లేదు! మాట ఒక్కటే కలిసినచో కాకతాళీయమనవచ్చును. మాటతోపాటు దాని నియమము కూడ కలిసినచో అది చుట్టరికమే.

కలిసినట్లు కనబడి కలవనివి కూడ ఉన్నవి. నేటి పారసీకములో ‘మా’ అనగా మేము. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలమున పారసీకమును తెలుగును ఒకే ఫర్మానాపై వ్రాసిన సందర్భములు కలవు. మన ‘మా’ అక్కడి నుండి వచ్చినదా అని ఎవరికైనను తోచవచ్చును. కాదు. పారసీకపు ‘మా’ ప్రాచీనమైన ‘అమాఖమ్’ నుండి అరిగి వచ్చినది. అది సంస్కృత ‘అస్మాకమ్’కు సోదరి. తెలుగు ‘మా’ అయితే మన పాత ‘ఏము’, తమిళ ‘ఎమ్’లకు చెందిన ద్రావిడపు మాట. తెలుగు సంస్కృత జన్యము కాదని, తమిళ కన్నడములతో ఒక కుటుంబమని ఎల్లిస్ దొర 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసములో నిరూపించినాడు. అరబ్బీలో ‘మా’ అనగా ‘ఏమి’, ‘కాదు’ కూడ. చీనాలో స్వరము మార్చి పలికినచో అమ్మ, జనుము వంటి నారమొక్క, గుఱ్ఱము, తిట్టుట అని నాలుగు అర్థములు. తమిళములో మామిడి, గుఱ్ఱము, ఇరువదవ వంతు. ఇవన్నియు ఎవరికి వారే.

మరి తల్లి? మర్డాక్ అను పండితుడు ప్రపంచ భాషలనుండి తల్లిదండ్రులను చెప్పు 1,072 మాటలు సేకరించినాడు. తల్లి పేర్లలో నూటికి 55 పేర్లలో మకార నకారముల వంటి అనునాసికములున్నవి. తండ్రి పేర్లలో 15 మాత్రమే. యాకబ్సన్ 1960లో దీనికి కారణము చెప్పినాడు. పాలు త్రాగు శిశువునకు నోరు నిండియుండును. ముక్కుతో మాత్రమే మూలుగగలడు. ఆ మూలుగే క్రమముగా ఆకలికి, తల్లికి పేరైనది. ఈ మాట ఏ దేశము నుండియు ఏ దేశమునకును వెళ్ళలేదు, ప్రతి ఊయలలోను క్రొత్తగా పుట్టినది. నేను సభలో చెప్పినది ఇక్కడనే తప్పినది. దీనికి అపవాదములు లేకపోలేదు. జార్జియా దేశీయులకు ‘మామ’ అనగా తండ్రి. మన ‘నాన్న’ సైతము ఆ 15లోనిదే.

తిరిగి మన తెలుగునకు వత్తును. ఎదుటివానిని కలుపుకొన్నచో ‘మన’, విడిచినచో ‘మా’. సంస్కృతములోను, హిందీలోను, ఇంగ్లీషులోను ఈ భేదము మాటలో కనబడదు. అందుచేత తెలుగువాడు నోరు తెరచిన ప్రతిసారి ఒక నిర్ణయము చేయక తప్పదు. ప్రక్కవానితో ‘మన స్వామి’ అందుము. గర్భాలయము ఎదుట నిలిచి ‘మా కష్టములు, మా పాపములు’ అందుము. ఎదుటనున్నవాడు స్వామి, ఆ పాపములలో ఆయనకు పాలు లేదు గనుక. వ్యాకరణము ప్రకారము ఇదే ఒప్పు.

మరుసటి సంవత్సరము అదే ఊరికి వెళ్ళినప్పుడు ఆ వృద్ధురాలు మరల వచ్చినారు. నా పొరపాటును సభలోనే ఒప్పుకొని, ఈ విషయములన్నియు విన్నవించినాను. ఆమె అంతయు విని, “బాగున్నదయ్యా. నేను మాత్రము స్వామితో, మన అబ్బాయికి ఇంకను జ్వరము తగ్గలేదు చూడవయ్యా అనియే చెప్పుకొందును” అని తీర్థము కొరకు చేయి చాచినారు.