పూవెరుగని తీగ

మనీప్లాంటు లేని యిల్లు మన పట్టణములలో అరుదు. ఖాళీ సీసాలో నీరు పోసి, జానెడు తీగముక్కను అందు నిలిపి, కిటికీలో పెట్టుట మనకు అలవాటు. అడిగి తెచ్చిన తీగ కలిసిరాదనియు, అడుగక తెచ్చినదే సిరి నిచ్చుననియు ఒక నమ్మకము కలదు. మేమును అట్లే తెచ్చితిమి. సిరి సంగతి అటుండనిండు, తీగ మాత్రము బాగుగనే పాకినది.

ఇది మన దేశపు తీగ కాదు. పసిఫిక్ మహాసముద్రమున సొసైటీ దీవులలోని మోరియా దీని పుట్టినిల్లు. 1880లో ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులు దీనిని వర్ణించి ‘పోథోస్ ఆరియస్’ అని పేరిడిరి. లాటిను భాషలో ‘ఆరియస్’ అనగా బంగారు వన్నె గలది. ఆకుమీది పసుపు చారలను చూచి పెట్టిన పేరు. మనవారు సిరి నూహించుటకును ఆ పసిమియే కారణమేమో!

చిక్కు అచ్చటనే మొదలైనది. మొక్కల బంధుత్వమును నిర్ణయించుటకు శాస్త్రజ్ఞులు ముఖ్యముగా పూవును చూతురు. ఈ తీగయో పూయదు. అందుచే ఎనుబదియేండ్లకు పైగా దీని యింటిపేరు తేలలేదు. 1908లో ‘స్కిండాప్సస్’ అను మరియొక యింటిపేరు తగిలించిరి. తుదకు 1960 దాటిన పిమ్మట ఒక తీగ పూచుటతో ఆ పూవును పరీక్షించి, దీనిని ముందు ‘రాఫిడోఫొరా’ వంశమున చేర్చిరి. 1964లో బంటింగ్ అను శాస్త్రజ్ఞుడు ‘ఎపిప్రెమ్నమ్ ఆరియమ్’ అని స్థిరపరచెను. ఆ 1964 తరువాత ఇది తనంత తానుగా పూచినట్లు దాఖలా లేదు.

కారణము 2016లో బయటపడినది. పూతకు వలసిన జిబ్బరెల్లిన్ అను రసము ఈ తీగలో తగినంత తయారు కాదు. దానిని పైనుండి చల్లినచో పూచును. పూత లేనిచో విత్తు లేదు. కనుక లోకములోని యిండ్ల కిటికీలలో పాకు తీగలన్నియు ఎవరో ఒకరు కోసి యిచ్చిన ముక్కల సంతానమే.

ఆ ముక్కకు కణుపు ఉండవలెను; కణుపు లేనిది వేరు తొడుగదు. వారమున కొకసారి నీరు మార్చవలెను, లేనిచో దోమలు చేరును. చీకటి మూలను పెట్టిన పసుపు చారలు మాయును, మండుటెండలో పెట్టిన ఆకు మాడును. ఆకు కొరికిన నోరు మండును గాన పసిపిల్లల కందనీయరాదు. కత్తిరించిన తీగలను తోపులలోను, వాగుల వెంటను పారవేయుట తగదు. శ్రీలంక, హవాయి దీవులలో ఇది అట్లే అడవులలో చొచ్చి, మ్రాకులపై కెగబ్రాకి, అచ్చటి మొక్కలకు చోటు లేకుండ చేసినది. చెట్టెక్కిన తీగ ఆకు ఇంచుమించు మీటరు పొడవగును. సీసాలో పెరిగినదానిని చూచినవారికి ఇది అదే యని తోచదు.

మా తీగనుండి యిప్పటికి ముగ్గురు ముక్కలు కొనిపోయిరి. ఒక్కరును అడుగలేదు.