పెద్దల కాలక్షేపం: రావిచెట్టు అరుగు నుంచి వృద్ధాశ్రమం దాకా

ఉద్యోగ విరమణ నాడు మనకు దండ వేసి, శాలువా కప్పి, "ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి" అని సాగనంపుతారు. ఆ విశ్రాంతి ఎంత బరువో నెల తిరిగితే గాని తెలియదు. పేపరు చదవడం ఎనిమిది గంటలకే అయిపోతుంది. తరువాత పొద్దు కదలదు. అయినా మన రోలుగుంట వంటి ఊళ్ళలో సొంత ఇల్లు, వీధి అరుగు, "ఏం మాస్టారూ, బాగున్నారా?" అని పలకరించే మనుషులు ఉన్నారు గనుక నెట్టుకొస్తున్నాం. పిల్లలు దూరాన ఉండి, తోడు పోయి, వృద్ధాశ్రమాలలో చేరిన మన తోటి పెన్షనర్ల సంగతి వేరు.

నాతో కలిసి పనిచేసిన మిత్రుడొకరు పట్నంలో అటువంటి ఆశ్రమంలో ఉంటున్నారు. ఆ మధ్య చూసి రావడానికి వెళ్ళాను. గది శుభ్రంగా ఉంది. భోజనం, మందులు వేళకు అందుతున్నాయి. హాలులో పెద్ద టీవీ, దాని ముందు వరుసగా కుర్చీలు ఉన్నాయి. "మరి లోటేమిటండీ?" అని అడిగాను. ఆయన కాసేపు ఆగి, "ఇక్కడ నాతో ఎవరికీ పని లేదు మాస్టారూ" అన్నారు. తిరుగు బస్సులో నర్సీపట్నం వచ్చేవరకు ఆ మాటే మనసులో మెదిలింది. పూర్వం మన పెద్దలు పొద్దు ఎలా పుచ్చేవారు, అందులో వారికి ఉన్న పని ఏమిటి అని ఆలోచించగా తోచిన సంగతులను ఈ ప్రత్యేక సంచికలో మనవి చేస్తున్నాను.

అరుగు మీద పెద్దరికం

మా చిన్నతనంలో ఈ ప్రాంతపు ఊళ్ళలో రావిచెట్టు అరుగో, రామకోవెలో సాయంత్రాలకు నెలవు. పోతన భాగవతమో, భారతమో ఒకరు రాగయుక్తంగా చదివితే వేరొకరు అర్థం చెప్పేవారు. చదివేవాడు కుర్రవాడైతే తప్పు దిద్దేది పెద్దాయన. ఆయనకు చూపు ఆనకపోయినా పద్యం నోటికి వచ్చు. అక్కడ ఆయన కేవలం శ్రోత కాదు. సభకు ఆయనే ఆధారం.

"కాలక్షేపం" అనే మాటను ఇప్పుడు మనం పొద్దుపోని పనికి వాడుతున్నాం గాని, హరికథా కాలక్షేపం అన్నప్పుడు దానికి ఎంత గౌరవముందో చూడండి. మన ఉత్తరాంధ్రలోనే బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు (1864-1945) ఆ కళకు పితామహులనిపించుకున్నారు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షులు వారే. ఇక జముకుల కథ, తప్పెటగుళ్ళు, కోలాటం, భజన మన పల్లెల సొత్తు. గంతులు వేసే వయసు దాటినవారు చేత తాళం పట్టేవారు, పాట అందించేవారు. కాళ్ళలో సత్తువ తగ్గినంత మాత్రాన జట్టు నుంచి ఎవరినీ తీసివేసేవారు కాదు.

ఆటల్లో పెద్దల ఆట పులిమేక. గుడి మంటపాల రాతి నేల మీద, వీధి అరుగుల మీద ఆ గీతలు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. మూడు పులులు, పదిహేను మేకలు. చింతగింజలు, గులకరాళ్ళే పావులు. ఖర్చు లేదు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలు ఒకదానికొకటి ఆసరాగా నిలబడితే పులి ఎటూ కదలలేదు. మన సంఘానికి ఇంతకంటే మంచి పాఠం లేదని నాకు తోస్తుంది! ఇద్దరు ఆడుతుంటే నలుగురు సలహాలిచ్చే ఆట అది. ఆడవారికి వామనగుంటలు, గవ్వలతో అష్టాచెమ్మా ఉండేవి. దేవుడికి వత్తులు చేస్తూ, మనుమలకు కథలు చెప్తూ ముసలమ్మలు గడిపిన మధ్యాహ్నాలను కూడా ఈ లెక్కలోనే వేయాలి.

గ్రంథాలయం, రేడియో

తరువాత గ్రంథాలయోద్యమం వచ్చింది. 1886లోనే విశాఖపట్నంలో మంతెన ఆదినారాయణమూర్తి గారు సరస్వతీ నిలయం స్థాపించారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చిన్ననాటి నుంచి చూపు మందగించిన మనిషి గ్రంథాలయ సభకు అధ్యక్షుడు! వృద్ధాప్యంలో బొత్తిగా కనపడకపోయినా ఇతరుల సాయంతో స్వీయచరిత్ర పూర్తిచేశారు. కళ్ళజోడు మార్చినా అక్షరం కనపడటం లేదని పుస్తకం పక్కన పెట్టేసిన మనలాంటివారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చదివి పెట్టేవారొకరు, రాసి పెట్టేవారొకరు దొరికితే చాలు.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం, 1963లో విశాఖపట్నం కేంద్రం మొదలైనాయి. పంచాయతీ రేడియో చుట్టూ ఊరు కూర్చునేది. వార్తలు అయ్యాక అసలు సభ మొదలయ్యేది. ఢిల్లీలో జరిగినదానికి అరుగు మీద తీర్పు చెప్పేవారు పెద్దలే. ఉదయాన భక్తిరంజని విని గడియారం సరిచూసుకున్న ఇళ్ళు ఎన్నో.

కుర్చీలు వరుసలోకి మారాయి

1987 జనవరిలో దూరదర్శన్ రామాయణం ప్రసారం మొదలైనప్పుడు కూడా టీవీ ఉన్న ఇంటికి వాడంతా చేరేది. హారతులిచ్చినవారూ ఉన్నారు. క్రమంగా ఇంటికొక టీవీ, ఆపైన చేతికొక ఫోను వచ్చాయి. అరుగులు ఖాళీ అయినాయి. టీవీని నిందించి లాభం లేదు, మనమూ చూస్తున్నాం. అయితే ఒక్క తేడా ఉంది. అరుగు మీద మనుషులు ఒకరికొకరు ఎదురుగా కూర్చునేవారు. టీవీ ముందు అందరి ముఖాలూ ఒకే వైపు. తప్పు దిద్దమని, అర్థం చెప్పమని అది ఎవరినీ అడగదు.

వృద్ధాశ్రమాలలో వినోదం చట్టానికి తెలియని విషయం కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షను ప్రకారం, దిక్కులేని వృద్ధులు కనీసం 150 మంది ఉండటానికి వీలుగా జిల్లాకు ఒక ఆశ్రమమైనా రాష్ట్ర ప్రభుత్వాలు నెలకొల్పవచ్చు. వాటి నిర్వహణకు చేసే పథకంలో వైద్యంతో పాటు వినోద సాధనాల ప్రస్తావన కూడా ఉంది. అంటే మందు ఎంత అవసరమో, మనసుకు ఆటపాట అంత అవసరమని శాసనకర్తలు గుర్తించారన్నమాట. ఆ వినోదం ఎలా ఉండాలన్నదే మన ప్రశ్న.

దీనికి శాస్త్రజ్ఞులు చేసిన రెండు పరిశీలనలు పనికివస్తాయి. 1976లో అమెరికాలో లాంగర్, రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక వృద్ధుల నివాసంలో ఒక అంతస్తువారికి తలా ఒక మొక్క ఇచ్చి, నీళ్ళు పోసి పెంచుకునే బాధ్యత వారికే వదిలారు. సినిమా ఏ రోజు చూడాలో కూడా వారినే ఎంచుకోమన్నారు. వేరొక అంతస్తులోనూ మొక్కలిచ్చారు గాని, వాటి పని సిబ్బందే చూశారు. కొద్ది వారాలలోనే మొదటి అంతస్తువారు ఎక్కువ హుషారుగా, కలుపుగోలుగా మారారు. ఇక 2003లో న్యూయార్కులో 75 ఏళ్ళు దాటిన 469 మందిని గురించి ఒక అధ్యయనం వెలువడింది. చదవడం, బల్ల మీద ఆడే ఆటలు, వాద్యం వాయించడం, నృత్యం అలవాటున్నవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించిందని అందులో తేలింది. ఇవి చేస్తే జబ్బు రాదని వారు హామీ ఇవ్వలేదు, మనమూ ఇవ్వకూడదు. కాని పురాణ పఠనం, పులిమేక, తాళం, కోలాటం వరుసగా పెట్టి చూడండి. ఆ జాబితా మన రావిచెట్టు కింద ఎప్పుడో ఉంది!

మన వంతు

సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో పెన్షను దయాభిక్ష కాదని తీర్పు చెప్పింది. ఏటా ఆ రోజును పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాం, శాలువాలు కప్పుకుంటున్నాం. ఈసారి ఆ పండుగను సగం మనం జరుపుకొని, సగం దగ్గరలోని వృద్ధాశ్రమంలో జరపాలని నా మనవి. పళ్ళూ దుప్పట్లూ పంచి ఫోటో తీయించుకొని రావడానికి కాదు. ఒక పులిమేక పలక, పెద్ద అక్షరాల భాగవతం, రెండు జతల తాళాలు, నాలుగు తులసి మొక్కలు తీసుకువెళ్దాం. మన వరాహ నది ఒడ్డు ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆటకు పావులు అక్కడే చేయించుకోవచ్చు.

అంతకంటే ముఖ్యం, వెళ్ళినప్పుడు వారిని ఏదైనా అడుగుదాం. సర్వే ఉద్యోగం చేసినాయనను గొలుసు పట్టి పొలం కొలిచిన రోజుల గురించి అడుగుదాం. టీచరమ్మ గారిని అక్కడి ఆయాల పిల్లలకు ఎక్కాలు చెప్పమందాం. చెప్పలేనంటే బలవంతం వద్దు. ఏకాంతం కోరుకునేవారికి అదీ ఒక హక్కే.

నా మిత్రునికి ఈ వ్యాసం చిత్తుప్రతి పంపాను. తప్పులుంటే దిద్దమని రాశాను. వారం లోపే తిరిగి వచ్చింది. ఎర్ర సిరాతో పదకొండు చోట్ల దిద్దారు. చివర "ఇంకొకటి పంపండి" అని ఉంది.