ఆకారాల విలీనం

స్థల డేటాబేస్‌లో బహుభుజులుగా దాచిన ఆకారాల్లో ఒకే లక్షణమున్నవాటిని జట్టుగా చేర్చి ఒక్కటి చేసే ప్రక్రియ. మండలాల పటం నుంచి జిల్లాల పటం తయారయ్యేది ఇలాగే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు అనుబంధమైన పోస్ట్‌జీఐఎస్‌లో జిల్లావారీగా గ్రూప్ బై రాసి, ఎస్‌టీ_యూనియన్ ఫంక్షన్ వాడితే పని అయిపోతుంది. కలపడం తేలికే, దేన్ని దేనితో కలపాలన్నదే అసలు చిక్కు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాలు 10 నుంచి 31కి పెరిగాయి. అప్పుడు పాత వరంగల్ చీలి ఏర్పడిన జిల్లాల్లో, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. అంటే 2015 పటంలోని వరంగల్, నేటి వరంగల్ ఒకటి కావు. పేరును నమ్ముకుని కలిపితే రెండూ ఒకే గుంపులో పడతాయి. అందుకే స్థిరమైన కోడ్‌తో పాటు ఆ హద్దు అమల్లోకి వచ్చిన తేదీనీ చూడాలి.

ఎస్‌టీ_కలెక్ట్ ఫంక్షన్ ఎస్‌టీ_యూనియన్‌కన్నా వేగంగా పనిచేస్తుంది కదా, యూనియన్ ఎందుకని అడిగేవారున్నారు. వేగం నిజమే. కానీ అది ఆకారాలను ఒక సంచిలో వేస్తుందంతే, లోపలి గీతలు చెరగవు. రంగు నింపిన పటానికి అది చాలు, జిల్లా చుట్టుకొలతకు పనికిరాదు. యూనియన్‌కూ ఓ ఇబ్బంది ఉంది: పక్కపక్క మండలాల హద్దులు కొన్ని సెంటీమీటర్లు తప్పినా మధ్యలో సన్నటి చీలికలు మిగులుతాయి. బఫర్‌తో కాస్త ఉబ్బించి, మళ్లీ కుదిస్తే అవి పూడతాయన్నది అందరూ వాడే చిట్కా. కానీ ఆ ఊపులో బయటి హద్దులోని ఇరుకు మలుపులూ పూడిపోతాయి. మూల హద్దును ముందే సరిదిద్దుకోవడం మేలు. పోస్ట్‌జీఐఎస్ టోపాలజీలో ఉమ్మడి హద్దు ఒక్కసారే నమోదవుతుంది కనుక అలా నమోదైన హద్దు దగ్గర ఈ చీలికలు రావు.