బరువు లాగు గుఱ్ఱములు

గుఱ్ఱమన్నంతనే మనకు రాజులు, రౌతులు, యుద్ధములు తోచును. చరిత్రకారులును ఆ గుఱ్ఱమునే వర్ణించిరి. నాగలిని, పీపాలబండిని లాగిన గుఱ్ఱమును గూర్చి వ్రాసినవా రరుదు. మేము దానిని గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఇంగ్లండులోని షైరు జాతిని తీసికొందము. స్వారిగుఱ్ఱము సామాన్యముగా 450 మొదలు 550 కిలోగ్రాముల వఱకు తూగును. షైరు గుఱ్ఱము తఱచు 900 కిలోగ్రాములకు పైబడును. భేదము బరువునందే లేదు. స్వారిగుఱ్ఱపు భుజాస్థి వెనుకకు వాలియుండుటచే ముంగాలు దూరముగా సాగును. లాగుడుగుఱ్ఱపు భుజము నిలువుగా నుండి, పట్టెడ యానుకొనుటకు అనువగును. వీపు పొట్టి, పిరుదులు బలిసినవి, ఎముకలు లావు. స్వభావము శాంతము. స్వారిగుఱ్ఱము బెదరినచో ముప్పు ముఖ్యముగా రౌతునకే; బండికి గట్టినది బెదరినచో వీథి కెల్ల ముప్పే.

ఈ జాతికి 1878లో నొక సంఘ మేర్పడి వంశావళులను వ్రాయ నారంభించెను. వంశావళి యన్నంతనే కథలు పుట్టును గదా! కవచధారులైన వీరులను మోసిన మహాశ్వముల సంతతియే యివి యని చెప్పుకొనిరి. కాని ఇంగ్లండులో త్రవ్వి తీసిన మధ్యయుగపు గుఱ్ఱపుటెముకలను ఇటీవల కొలిచి చూడగా, వానిలో పెక్కు నేటి పొట్టిగుఱ్ఱముల యెత్తునకు మించలేదని తేలినది. చాకిరి చేసిన జంతువునకు సైతము క్షత్రియవంశమును తగిలించిన గాని గౌరవము రాదని యెంచిరి కాబోలు!

ఇంతకంటె విచారింపదగినది పట్టెడ కథ. భుజములపై నానుకొను మెత్తని పట్టెడ చీనాదేశమున ముందుగా పుట్టి, మధ్యయుగమున ఐరోపాలో వ్యాపించెను. ఫ్రెంచి అశ్వదళమునుండి విరమించిన లెఫెవ్రు దెనొయెత్తు 1931లో వెలువరించిన గ్రంథమున నిట్లు వాదించెను: గ్రీకులు, రోమకులు వాడిన పట్టీ గుఱ్ఱపు గొంతును నొక్కెడిది, కావున గుఱ్ఱము ఎక్కువ బరువు లాగజాలకపోయెను, ఆ బరువు బానిసలపై బడెను, మేలైన పట్టెడ వచ్చిన పిదప దాస్యము సడలెను. ఈ వాదమును మొదట విన్నపుడు మేమును సంతసించితిమి. తోలుపట్టెతో దాస్యము పోవునన్న, సంస్కర్తల కింత శ్రమ యేల?

అయితే ఫ్రాన్సు దేశీయుడే యగు స్ప్రూయిత్తు ప్రాచీన పద్ధతిని బండ్లు, పట్టీలు చేయించి, గుఱ్ఱములను కట్టి తోలి, ఆ ఫలితములను 1977లో ప్రకటించెను. గుఱ్ఱములకు ఊపిరి తిరుగక పోలేదు. ప్రాచీనుల రెండు వేర్వేఱు కట్టు పద్ధతులను లెఫెవ్రు ఒకటిగా గలిపి పొరపడెనని తేలెను. ఈ పరీక్ష జరుగనక్కఱ లేకయే మఱియొక సంగతి యా వాదమును చెఱచుచున్నది. 16 మొదలు 19వ శతాబ్ది వఱకు కోటికి పైగా ఆఫ్రికనులను ఓడల కెక్కించి అమెరికాకు తరలించిన వర్తకులు పట్టెడ నెఱుగని జాతులవారు కారు. వారి స్వదేశములలో గుఱ్ఱము ఆ పట్టెడతో లాగుట వాడుకలోనే యుండెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ట్రాక్టర్లు, లారీలు వచ్చినవి. పనిలేని షైరు గుఱ్ఱములు వేలకొలది కసాయిశాలలకు పోయినవి. నేడా జాతి సంరక్షింపవలసిన యరుదైన వానిలో నొకటి. ప్రదర్శనములలో అలంకరించిన బండ్లకు గట్టినపుడు జనులు చూచి ముచ్చటపడుచున్నారు.